గోడకు కాపలా

ఇల్లు కొన్నాక మేం మొట్టమొదట చేసిన పని గోడలకున్న పాత క్యాలెండర్లు తియ్యడం. మొత్తం పదకొండు ఉన్నాయి. ఇల్లు అమ్మినాయన రైల్లో గార్డుగా చేసి దిగిపోయినవాడు, ఒంటరి మనిషి. ఒక్కడికి ఇన్ని క్యాలెండర్లెందుకో అని మా ఆవిడ నవ్వుతూనే ఒక్కొక్కటీ తీసి మడత పెట్టింది. వెనక గదిలో ఒకదాని కింద ఒకటి వేలాడుతున్న మూడు పెద్దవి తీసేసరికి నవ్వు ఆగిపోయింది. వాటి వెనక గోడ కప్పు దగ్గర్నుంచి నడుమెత్తు దాకా చీలి ఉంది. నా చిటికెనవేలి గోరు అందులో దూరింది.

నడుమెత్తు నుంచి నేల దాకా ఆ ఒక్క గోడకే ముదురాకుపచ్చ నూనెరంగు పూసి ఉంది. మిగతా గోడలన్నిటికీ ఉత్త సున్నమే.

"తలుపులకి వెయ్యగా రంగు మిగిలి ఉంటుంది," అంది మా ఆవిడ.

"మిగిలిన రంగు కిటికీకి వేస్తారు గానీ గోడకి పూస్తారా?"

"మీకు అన్నీ అనుమానాలే."

కాదనలేను. ముప్పై ఏళ్ళు బియ్యం మిల్లులో కాటా దగ్గర గుమాస్తాగా కూర్చున్నవాణ్ణి. బస్తా తూకం సరిపోయిందంటే ముందు కాటా కేసి, తర్వాత బస్తా తెచ్చినవాడి మొహం కేసి చూడటం నాకు అలవాటైపోయింది. సరిపోనప్పుడు కన్నా సరిపోయినప్పుడే ఎక్కువ చూసేవాణ్ణి.

ఆ గది మా అక్క కోసం. అమ్మ పోయాక నన్నూ మా తమ్ముణ్ణీ పెంచింది ఆవిడే. డెబ్భై దాటాయి. ఆరేళ్ళుగా పట్నంలో తమ్ముడింట్లో ముందుగదిలో దివాను మీద ఉంటోంది. అక్కడ ఆవిణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనరు. కానీ అందరూ టీవీ చూడటం అయ్యేదాకా ఆవిడ నడుం వాల్చడానికి లేదు. ఎవరైనా వస్తే దుప్పటి మడిచి, దిండు దివాను కిందికి తోసి, తనే చూడటానికి వచ్చిన మనిషిలా ఓ చివర కూర్చోవాలి. అదొకసారి కళ్ళారా చూశాను. అప్పటినుంచి నాకు అన్నం సయించలేదంటే అబద్ధం, తిన్నాను, కానీ మర్చిపోలేదు. ఊరికి కాస్త ఎడంగా ఉన్న ఈ పాత పెంకుటిల్లు కొన్నది అందుకే. వానలు పడేలోగా తీసుకొస్తానని అక్కకి మాటిచ్చాను. ఆవిడ మంచం తలవైపు ఉండాల్సిన గోడ అదే.

ఊళ్ళో పాత ఇళ్ళ పని తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడన్నారు. అందరూ ఆయన్ని నిదానం మేస్త్రీ అంటారు. వచ్చి, గోడ ముందు నిలబడి, వేళ్ళ కణుపులతో టకటకమని కొట్టి, చెవి ఆనించి విన్నాడు. రోగిని చూసే డాక్టరు కూడా అంతసేపు చూడడు.

"ఇది ఎప్పుడో కదిలి ఆగిపోయిన పగులా, ఇంకా కదులుతున్న పగులా అన్నది తేలాలి గుమాస్తాగారూ. ఆగిపోయిందైతే లోపలికి సున్నం కూరి మూసేస్తాను, మా తాత దిగొచ్చినా పగులెక్కడుందో చెప్పలేడు. కదులుతోందంటే మాత్రం కప్పు దించి, గోడ పడగొట్టి, మళ్ళీ కట్టాల్సిందే."

"పడగొడితే ఎన్నాళ్ళు?"

"ఈ వానలకి అవ్వదు. వచ్చే ఏడు."

డెబ్భై దాటిన మనిషికి వచ్చే ఏడు అని చెప్పడం ఎలా?

తేల్చడానికి ఆయన పద్ధతి ఇది. పాత కిటికీ అద్దాన్ని రెండు వేళ్ళ వెడల్పు పలకలుగా కోసి, పగులుకి అడ్డంగా మూడు చోట్ల, రెండు చివరలా తెల్ల సిమెంటుతో అతికించాడు. పక్కన పెన్సిలుతో తేదీ వేశాడు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. నలభై రోజులు పగలకపోతే గోడ మంచిదే.

"ఈ నలభై రోజులూ మీరేం చేస్తారు?" అన్నాను.

"చూస్తాను," అన్నాడు.

ఊరికే చూడలేదులెండి. కప్పు మీద విరిగిన పెంకులు మార్చాడు. పుచ్చిన వాసాలు రెండు తీసి కొత్తవి ఎక్కించాడు. పెరట్లో గొయ్యి తవ్వి సున్నం నానబెట్టాడు. అది ఎంత నానితే అంత వెన్నలా అవుతుందట. కానీ రోజూ పొద్దున వచ్చీరాగానే వెనక గదిలోకి వెళ్ళి గోడ ముందు నిలబడేవాడు. అది నాకు నచ్చేది కాదు.

నేను పెరటి పని పెట్టుకున్నాను. చలి వెళ్ళిపోయి చెట్లు చిగురు పెడుతున్న రోజులు. గార్డు వదిలేసిన గులాబీలు కంచె మీదికి ఎగబాకి ముళ్ళ కంపలా తయారైతే, మోచెయ్యి పొడవుకి కత్తిరించాను. జామచెట్టు కింద మట్టి గుల్ల చేసి ఎరువు వేశాను. వెనక గది గోడ వెంట బారెడు వెడల్పున మడి చేసి బంతి, చామంతి, మల్లె నాటాను. పొద్దుటి ఎండ బాగా పడే చోటు అదే. రోజూ స్నానం చేసి దేవుడి గూట్లో దీపం పెట్టి కాసేపు కూర్చోవడం నా చిన్నప్పటి అలవాటు. సొంత పెరట్లో పూసిన పూలు దేవుడికి పెట్టాలన్నది ఎన్నాళ్ళ కోరికో.

విత్తనాల కొట్టాయన ఒక కిటుకు చెప్పాడు. చెంబులతో పోస్తే నీళ్ళు పైపైనే జారిపోతాయి. పైపుకి సన్నగా చిల్లులు పొడిచి, మొక్కల మొదళ్ళ వెంట పరిచి, పైన ఎండుగడ్డి కప్పితే, చుక్కచుక్కగా వేరు దాకా దిగుతుంది. అలాగే చేశాను. దీపం వెలిగించే ముందు కుళాయి తిప్పడం, పూజ నుంచి లేచాక కట్టెయ్యడం. నీళ్ళు పెట్టడం మర్చిపోయే పని లేదు, కట్టడం మర్చిపోయే పని లేదు. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

మేస్త్రీ కూడా ఒకసారి కిటికీలోంచి చూసి, "మొక్కలా? మంచిదే. గోడ పక్కన కదా, నీళ్ళు మరీ పొయ్యకండి," అన్నాడు.

"చుక్కచుక్కగానే పెడుతున్నాను," అన్నాను. అందులో అబద్ధం ఏముంది?

ఆరో రోజు ఆయన గదిలోకి వెళ్ళిన నిమిషానికే గొంతు వినపడింది. "పగిలింది గుమాస్తాగారూ."

వెళ్ళి చూశాను. మూడింట్లో మధ్య పలక నిలువునా చీలి ఉంది. ఆయన తేదీ వేసి, ఊడదీసి, కొత్తది అతికించాడు. ముఖంలో బాధ లేదు, సంతోషం లేదు. నేను మాత్రం ఆ ముఖం కేసే చూస్తున్నాను. ముందు రోజు సాయంత్రం నేను చూసినప్పుడు గాజు బాగానే ఉంది. పొద్దున మొదట గదిలోకి వెళ్ళింది ఆయన. పగిలిందంటే పెద్ద పని ఎవరికి దొరుకుతుంది? ఆయనకే.

పక్క స్థలంలో గేదెల్ని కట్టేసే పాలాయన్ని మాటల్లో పెట్టాను.

"నిదానమా? మంచోడే," అన్నాడు పాలాయన. "కానీ ఆయన చెయ్యి పెట్టిన ఇల్లు ఏడాదిలోపు తేలింది నేనెరగను. మా అన్న ఇల్లు బాగు చేస్తానని వచ్చాడు. ఆ పని అయ్యేసరికి మా అన్నకి మనవడు పుట్టాడు."

"పని పెంచుతాడంటావా?"

"నేనలా అనలేదు. మీరంటున్నారు."

ఇంక నాకు అంతకంటే ఏం కావాలి? అనుమానం పెనుభూతం అన్నారు. నాకు పగలే పట్టుకుంది. మేస్త్రీ కప్పు మీదున్న సమయం చూసి, పగులు పై చివర, అటక చాటున, ఆయనకి కనపడని చోట నేనూ ఒక గాజుముక్క అతికించాను. చేతికి సిమెంటు అంటి రెండు రోజులు మండింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

తర్వాతి వారం మేస్త్రీ పలక మళ్ళీ పగిలింది. ఆయన వెళ్ళాక బల్ల ఎక్కి చూశాను. నాదీ పగిలింది.

న్యాయంగా ఆలోచించే మనిషైతే అప్పుడే ఆయన మీద అనుమానం వదిలెయ్యాలి. నాకలా తోచలేదు. ఇది కూడా కనిపెట్టేశాడు, ఎంత గడుసువాడో అనుకున్నాను.

ఆ రోజుల్లో దేవుడి ముందు కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. మామూలుగా పావుగంటలో ముగించేవాణ్ణి. గోడ నిలబడాలి, అక్క రావాలి, నా మాట పోకూడదు. అడిగిందే అడుగుతూ అరగంట, ముప్పావుగంట, రానురాను ఇంకా ఎక్కువ కూర్చునేవాణ్ణి. దేవుడికి మనం ఎన్నిసార్లు చెప్పాలో ఎవరూ చెప్పలేదు కదా, తక్కువ చెప్పానేమో అన్న భయం. మధ్యలో ఒక కన్ను తెరిచి, మేస్త్రీ చెప్పుల చప్పుడు వినపడుతోందా అని చూసేవాణ్ణి. ఆ భాగం దేవుడికి కూడా తెలిసే ఉంటుంది.

గోడ బయటి మూలన నల్లటి వెంట్రుకలు అంటుకుని కనపడ్డాయి ఒకరోజు. పాలాయన గేదె కంచె సందులోంచి దూరి గోడకి వీపు రుద్దుకుంటోంది. ఇంకేం, దొంగ దొరికిందనుకుని కత్తిరించిన గులాబీ కొమ్మలన్నీ ఆ సందులో కుక్కి, పాలాయనతో గొడవ పడ్డాను.

"నా గేదె మీ గోడ పడగొడుతోందా?" అన్నాడాయన, పాల క్యాను కింద పెట్టి. "దానికి అంత ఓపికే ఉంటే ఇంకో లీటరు పాలిచ్చేది కదండీ."

గేదె రావడం మానేసింది. గాజు పగలడం మానలేదు.

ఇంతలో తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కకి కంట్లో పొర తీయిస్తున్నారు, దగ్గర ఎవరైనా ఉంటే మంచిదని. ఇద్దరం బయల్దేరాం. వెళ్ళేముందు మేస్త్రీ చేత కొత్త పలకలు పెట్టించి, అటక చాటున నేనూ కొత్త ముక్క అతికించి, వెనక గదికి కొత్త తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాను. మొక్కలకి నీళ్ళెలాగని మా ఆవిడ బాధపడింది. పది రోజులు నీళ్ళు లేకపోతే చస్తాయా అన్నాను.

ఆస్పత్రిలో అక్క కంటికి కట్టుతో నా చెయ్యి తడుముకుని పట్టుకుంది. "గది ఎంతవరకొచ్చిందిరా?" అంది.

"అయిపోవచ్చింది," అన్నాను. పక్కనే మా ఆవిడ తల తిప్పుకుంది.

తొమ్మిదో రోజు తిరిగొచ్చి, చెప్పులైనా విడవకుండా తాళం తీశాను. మూడు పలకలూ చెక్కు చెదరలేదు. అటక చాటున నాదీ అంతే.

"చూశావా?" అన్నాను మా ఆవిడతో. "తొమ్మిది రోజులు తాళం నా దగ్గరుంటే గాజు పగల్లేదు. ఇప్పుడేమంటావు?"

"ఇప్పుడూ తాళం మీ దగ్గరే పెట్టుకోండి. అప్పుడంటాను," అంది.

అలాగే పెట్టుకున్నాను. మేస్త్రీ వస్తే నేనే తాళం తీసి, పక్కనే నిలబడి, ఆయన చూశాక మళ్ళీ వేసేవాణ్ణి. ఆయన తాళం కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూశాడంతే. బంతి మొక్కలు వాడిపోయి ఉంటే మళ్ళీ పైపు వదిలాను. అవి తేరుకుని మొగ్గ కట్టాయి.

అయిదో రోజు తాళం తీసి ఇద్దరం లోపలికి వెళ్ళేసరికి రెండు పలకలు పగిలి ఉన్నాయి.

నేను చేతిలోని తాళం చెవి కేసి చూశాను. మేస్త్రీ మాత్రం గోడ మీది పెన్సిలు తేదీల మీద వేలు పెట్టి వరసగా చదివాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి, చేతులు కట్టుకుని, నిదానంగా అడిగాడు.

"ఎందుకు గుమాస్తాగారూ ఇదంతా?"

"ఏదంతా?"

"మీరు ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ గాజు పగిలింది. మీరు లేని తొమ్మిది రోజులూ పగల్లేదు. మీరు రాగానే మళ్ళీ పగిలింది. ఈసారి తాళం చెవి కూడా మీ దగ్గరే ఉంది. అటక చాటున మీరు పెట్టిన ముక్క నేను చూడలేదనుకున్నారా? ముందు దాని మీద కొట్టి చూసుకున్నారు కాబోలు, ఎంత దెబ్బకి పగులుతుందో అని."

"నా గోడ నేను పగలగొట్టుకుంటానా?"

"గోడ కాదు, గాజు." ఆయన గొంతు తగ్గింది. "నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. పెద్దవాళ్ళని తెచ్చుకుంటాం, గది బాగు చెయ్యండి అని చాలామంది పిలిచారు. మనసులో ఇష్టం ఉండదు. లేదని చెప్పడానికి నోరు రాదు. కిటికీ మీదో, కప్పు మీదో నెపం పెడతారు. గోడ పడిపోయేలా ఉంది అక్కా, వచ్చే ఏడు చూద్దాం అనడానికి మీకు నా నోటి మాట కావాలి. అంతేనా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేతులు నాకు తెలియకుండానే వెనక్కి వెళ్ళాయి. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ కోపం కన్నా ముందు వేరే ప్రశ్న వచ్చింది. ఆస్పత్రిలో అయిపోవచ్చింది అని వాయిదా వేసినప్పుడు నాకు కొంచెం తేలిగ్గా అనిపించలేదూ? అక్క వస్తే మా ఇద్దరి తీరూ మారాలి, మా భోజనం వేళలు మారాలి అని ఎప్పుడూ అనుకోలేదా? అనుకున్నాను. గాజు మాత్రం పగలగొట్టలేదు.

"నేనేమో మీరే పగలగొడుతున్నారనుకున్నాను," అన్నాను.

"తెలుసు. తాళం వేసినప్పుడే తెలిసింది."

గుమ్మంలో నిలబడి వింటున్న మా ఆవిడ అంది: "ఇద్దరూ ఇంత మంచివాళ్ళు కదా, రేపు పొద్దున గాజు ముందు ఇద్దరూ కూర్చోండి. ఒకరికొకరు కాపలా."

మర్నాడు తెల్లవారగానే మేస్త్రీ వచ్చాడు. రాత్రే కొత్త పలకలు పెట్టి, తాళానికి ఆయన కూడా తన తాళం ఒకటి జోడించి వెళ్ళాడు. నేను స్నానం చేసి, కుళాయి తిప్పి, దీపం పెట్టి, పరుగున వచ్చాను. చెరో తాళం తీసి ఇద్దరం కూర్చున్నాం. గది మధ్య రెండు ముక్కాలి పీటలు. ఆయన గాజు కేసి, నేను ఆయన చేతుల కేసి, ఆయన నా చేతుల కేసి. పూజ ఎలాగూ కుదర్లేదు కాబట్టి ఉన్నచోటే కళ్ళు మూయకుండా నోట్లోనే చెప్పుకున్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టడానికి ఎవరం వంగలేదు. ఆవిడే తీసుకెళ్ళింది.

గంట గడిచింది. రెండో గంట కూడా కావస్తోంది. కిటికీ ఎండ నేల మీద నుంచి ఆకుపచ్చ రంగు మీదికి పాకింది. నాకు కాలు తిమ్మిరెక్కింది, కదిపితే ఏమనుకుంటాడోనని కదపలేదు.

టిక్ మంది.

చాలా చిన్న చప్పుడు. ఎవరో గోరు విరిచినట్టు. కింది పలక మీద సన్నటి గీత పడింది. ఇద్దరి చేతులూ ఇద్దరి ఒళ్ళోనే ఉన్నాయి.

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేస్త్రీ లేచి గోడ దగ్గరికి వెళ్ళి, గాజుని కాదు, ఆకుపచ్చ రంగుని అరచేత్తో తడిమాడు. పైన, నడుమున, అడుగున. అడుగున చెయ్యి ఆగిపోయింది. తాపీ మొనతో రంగుని గీకాడు. రంగు పొరలా లేచింది. లోపల గోడ తడిసిన అట్టలా నల్లగా ఉంది, వేలు పెడితే దిగింది.

ఆయన బయటికి నడిచాడు. నేనూ వెనకే. మడి దగ్గర ఎండుగడ్డి పైకి పొడిపొడిగా కరకరలాడుతోంది. దాని మీద కాలు పెట్టాడు. చీలమండ దాకా దిగబడింది.

"ఈ నీళ్ళు ఎప్పుడు వదిలారు?"

"పొద్దున. దీపం పెట్టే ముందు."

"ఎప్పుడు కట్టేస్తారు?"

"పూజ అయ్యాక."

"పూజ ఎంతసేపు?"

నేను వంగి గడ్డి సర్దాను.

"ఎంతసేపు గుమాస్తాగారూ?"

"మొదట్లో పావుగంట," అన్నాను.

"ఇప్పుడో?"

"ఇప్పుడు గంటన్నర," అంది మా ఆవిడ వెనకనుంచి. "గోడ నిలబడాలని."

మేస్త్రీ బురదలోనే నిలబడి తల వంచుకున్నాడు. తిడతాడనుకున్నాను. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడేమో అని కూడా అనుకున్నాను. నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి గోడకి చెయ్యి ఆనించబోయి, ఆ గోడకే ఆనించకూడదని గుర్తొచ్చి ఆగాడు.

"ఈ ఇంటి పునాది మోకాలి లోతు. రాళ్ళ మధ్య ఉత్త మట్టి," అన్నాడు కాలు పైకి లాక్కుంటూ. "నీళ్ళు తాగినప్పుడల్లా మెత్తబడి ఆ మూల కుంగుతోంది. గోడకేం రోగం లేదు. మీరు మొక్కినకొద్దీ మునుగుతోంది."

"దేవుడికి పూలు..." అన్నాను.

"దేవుడు పూలడిగాడు. పునాదిలో నాటమన్నాడా?"

గార్డు ఆ రంగు ఎందుకు పూశాడో కూడా అప్పుడే తెలిసింది. మడి తవ్వుతుంటే పాత స్నానాల తూము బయటపడింది. ఆయన కాలంలోనూ నీళ్ళు అక్కడికే వెళ్ళేవి. ఆయన తూము మార్చి, తడి మచ్చలకి రంగు వేసి, చీలికకి క్యాలెండర్లు తగిలించాడు. నేను కష్టపడి ఆ నీళ్ళని మళ్ళీ తెచ్చాను.

ఆ రోజంతా ముగ్గురం మట్టి మోశాం. మొగ్గలతో ఉన్న మొక్కల్ని పీకుతుంటే మా ఆవిడ ప్రతిదాన్నీ వేళ్ళ మట్టితో సహా ఒడిలో పెట్టుకుని వెళ్ళి జామచెట్టు అవతల నాటింది. సగం బతికాయి. మడి ఉన్నచోట మేస్త్రీ గోడ నుంచి బయటికి వాలుగా రాళ్ళు పరిచాడు. లోపల రంగంతా గీకేసి, గోడ ఊపిరి తీసుకోవాలని రెండు కిటికీలూ తెరిచి వదిలేశాడు. కొత్త పలకలు అతికించి, కొత్త తేదీ వేశాడు. మళ్ళీ నలభై రోజులు.

ఎండలు ముదిరాయి. నేను పావుగంట పూజకి తిరిగొచ్చాను. మొదట్లో కూర్చోగానే సిగ్గేసేది. నేను కళ్ళు మూసుకుని గోడని కాపాడమని అడుగుతుంటే, అవతల నా కుళాయి ఆ గోడనే తడుపుతుంటే, దేవుడు ఏమనుకుని ఉంటాడు? చెప్పొచ్చు కదా అని కూడా అనిపించింది. నీ చెయ్యి కుళాయి కడితే చాలురా, నా చెయ్యి ఎందుకు అని ఒక్క మాట. చెప్పే ఉంటాడేమో. మొదటి గాజు పగిలినప్పుడే చెప్పి ఉంటాడు. నేను ఆ గీతలో మేస్త్రీ దొంగతనం చూశాను. ఈ సంగతి నాకు ఇంకా పూర్తిగా తేలలేదు. పెద్దవాళ్ళెవరైనా ఉంటే అడగాలి.

మేస్త్రీకి క్షమాపణ చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆయన ఏదో ఒక గంప అందుకోమన్నాడు.

నలభయ్యో రోజు ఆయన గది బయటే ఆగిపోయాడు. "మీరే చూసి రండి. నేను చూస్తే మళ్ళీ ఏదో అవుతుంది."

ఒక్కణ్ణే వెళ్ళాను. మూడు పలకలూ వేలితో తడిమి, వెలుతురుకి పక్కగా వంగి చూశాను. గీత లేదు. బయటికొచ్చి, "ఒక్కటీ పగల్లేదు," అన్నాను.

"సరే," అన్నాడు. అని, తలగుడ్డ తీసి దులుపుకుని, లోపలికి వెళ్ళి, తనూ మూడూ తడిమి చూసుకుని వచ్చాడు.

"నా మాట నమ్మలేదా?"

"మీరు నమ్మదగ్గవారే. గాజుని నేను నమ్మను," అన్నాడు, సున్నం గొయ్యి మీది గోనెపట్టా తీస్తూ.

పగులు మూసి, గోడకి రెండు పూతలు సున్నం పెట్టాక అక్కకి ఫోన్ చేశాను. ఆకాశంలో అప్పటికే ఒకటీ అరా మబ్బు తిరుగుతోంది.

"అక్కా, గది అయింది. ఎప్పుడొస్తావు?"

అటునుంచి టీవీ చప్పుడు వినపడుతోంది.

"ఈసారి నిజంగా అయిందా, అయిపోవచ్చిందా?" అంది.

"నిజంగా."

"మీ ఆవిడకి ఇవ్వు ఫోను."

ఇచ్చాను. "వదినా, మీ తమ్ముడి మాటకేం గానీ నేను చెబుతున్నాను వినండి," అంది మా ఆవిడ. "గోడ ఆరడానికి వారం పడుతుంది. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం వచ్చెయ్యండి. మంచం కిటికీ పక్కన వేశాం. కాదంటే వచ్చి మార్చుకోండి." అని కాసేపు ఊఁ కొట్టి, ఫోను నా చేతిలో పెట్టింది. "మీతోనే ఏదో అడగాలట."

"ఒరే," అంది అక్క. గొంతు తగ్గించింది, పక్కన ఎవరో ఉన్నట్టున్నారు. "ఆ గది తలుపుకి లోపలివైపు గడియ ఉందా?"

ఫోను పట్టుకునే వెనక గదికి వెళ్ళాను. బయటివైపు గొళ్ళెం ఉంది. దానికే నేను తాళాల మీద తాళాలు వేశాను. తలుపు లోపలివైపు తిప్పి చూశాను. నున్నటి చెక్క. ఒంటరిగా ఉన్న గార్డుకి దాని అవసరం పడి ఉండదు. నాకూ ఇన్నాళ్ళలో అటు చూడాలని తోచలేదు.

"ఏరా, మాట్లాడవేం? లేదా?"

"ఇప్పటికి లేదు," అన్నాను. "సాయంత్రానికి ఉంటుంది."

"చూశాకే నమ్ముతాను," అంది.

మేస్త్రీ అప్పటికే తలుపు పక్కన చేరి, జేబులోంచి పెన్సిలు తీసి, ఆవిడ చెయ్యి ఎంత ఎత్తుకి అందుతుందని నన్నడిగాడు. నా భుజం కన్నా బెత్తెడు కింద, అని చూపించాను. అక్కడ గీత గీశాడు. నేను చెప్పులు వేసుకుని ఇనప సామాన్ల కొట్టుకి బయల్దేరాను.